పదకొండు దగ్గరే ఆగిన కొమురన్న

కొమురెల్లి అన్నకు కోపం వస్తే కంప్యూటర్‌ను 'మీరు' అంటాడు. మామూలు రోజుల్లో అది 'నువ్వు'. పొద్దున్నే వచ్చి మీట నొక్కి, "ఏమే తల్లీ, నిద్ర పట్టిందా?" అని పలకరించి, మీద కప్పిన తువ్వాలు తీసి మడతపెట్టి, అప్పుడు కుర్చీలో కూర్చుంటాడు. అలాంటి మనిషి ఆ మంగళవారం స్క్రీన్‌కు రెండు చేతులూ జోడించి, "మీకు దండం పెడ్త. మీరు పెద్దోళ్లు. జర నిజం చెప్పుండ్రి" అన్నాడు. పక్క టేబుల్ దగ్గర సమోసా తింటున్న నాకు అప్పుడే అర్థమైంది, వ్యవహారం ముదిరిందని.

మేమిద్దరం పనిచేసేది తార్నాకలో, సమ్మయ్య సార్ కోచింగ్ సెంటర్లో. కింద టిఫిన్ సెంటర్. మధ్యలో సార్ క్లాసులు. పైన రేకుల హాలు, ఎండాకాలం అక్కడ కూర్చుంటే మనిషి తనంతట తానే వేగుతాడు. వెబ్‌సైటు, ఆన్‌లైన్ ప్రకటనలు చూసుకునేది కొమురన్న. చెడిపోయినవి బాగుచేసేది నేను. కొన్ని నేనే చెడగొట్టినవి కూడా ఉంటాయి. ఒకసారి ఆయన కీబోర్డులో 'క' కొడితే 'కోతి' అని పడేట్టు పెట్టాను. మూడు రోజులు ఓపికగా చెరుపుకుంటూ కొట్టాడు తప్ప నన్ను అడగలేదు. నాలుగో రోజు నేనే సిగ్గుపడి తీసేశాను.

ఆయన సంగతి చెప్పాలి. ఊరు చేర్యాల పక్కన. ఎం.ఏ. చదవడానికి యూనివర్సిటీ క్యాంపస్‌కు వచ్చి పన్నెండేళ్లు అక్కడే ఉండిపోయాడు. నిజాం కాలంనాటి రైల్వే కూలీల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. అది ఇప్పటికీ మొదలైనట్టే ఉంది. కూలీల గురించి రాస్తూ రాస్తూ, మెట్టుగూడలో ఒక రైల్వే క్వార్టర్ వెనక గదిలో అద్దెకు దిగాడు. గ్రూప్స్ మూడుసార్లు రాశాడు. అన్నీ తెలుగులోనే చదివాడు, తెలుగులోనే రాశాడు. మంచి పుస్తకం ఇంగ్లిషులో ఉంటే పక్కన డిక్షనరీ పెట్టుకుని పేజీకి గంట చొప్పున చదివాడు. మూడోసారి మెయిన్స్ దాకా పోయి ఆగిపోయాడు. తర్వాత లైబ్రరీలో కూర్చుని, వీడియోలు చూసి, వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకున్నాడు. ఇప్పటికీ ప్రోగ్రాం రాయాలంటే ముందు రెండువందల పేజీల నోట్‌బుక్కులో తెలుగులో రాసుకుంటాడు. 'ఒకవేళ ఫోన్ నంబర్ లేకపోతే, మర్యాదగా అడుగు' అని. జేబులో మూడు పెన్నులుంటాయి. మూడూ పని చేస్తాయి. ఈ రోజుల్లో అలాంటి మనిషిని ఎక్కడ చూస్తాం?

ఆ వారం ఆయన ప్రాణమంతా పైనున్న రేకుల హాలు మీదే ఉంది. తెలుగు మీడియం వాళ్లకు అక్కడ ఉచిత బ్యాచ్ పెట్టాలని రెండేళ్లుగా సార్ వెంటపడ్డాడు. సార్ ఎట్టకేలకు ఒప్పుకున్నాడు. ఖర్చు, ప్రకటనలు చూసే అన్న జీతంతో సహా, ఒక ట్రస్టు పెట్టుకుంటానంది. వచ్చే సోమవారం మొదలు. కానీ ట్రస్టు ఒక షరతు పెట్టింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వాళ్ల మేడం వచ్చి చూస్తుంది. అప్పటికి ప్రకటన ద్వారా కనీసం వందమంది పేర్లు నమోదు చేసుకుని ఉండాలి. ఆ లెక్క మేం రాసిన జాబితాలో కాదు, ప్రకటనల కంపెనీ వాళ్ల పేజీలోనే కనబడాలి. ఎక్కడో ఒక సెంటర్ వాళ్లు ఓటర్ల లిస్టు చూసి పేర్లు రాసిచ్చారట. అప్పటినుంచి ట్రస్టుకు జాబితాలంటే నమ్మకం పోయింది. వంద రాకపోతే బ్యాచ్ లేదు. హాలు కోసం ఒక జిమ్మువాడు అప్పటికే రెండుసార్లు వచ్చి టేపుతో గోడలు కొలుచుకుని పోయాడు.

మంగళవారం నాటికి మా జాబితాలో నూట ముప్పైమంది ఉన్నారు. కంపెనీ పేజీలో ఏడుగురు.

"ఏడా?" అన్నాను.

"ఏడే."

"ఒక సున్న ఎగిరిపోయిందేమో అన్నా."

"ఎగిరిపోతే డెబ్బై అయితది. నూట ముప్పై ఎట్లయితదిరా? లెక్కలు రానోనికి కంప్యూటరెవడు ఇచ్చిండు?"

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. ఎవరైనా మా వెబ్‌సైట్లో ఫారం నింపి నొక్కితే, ప్రకటనల కంపెనీకి రెండు కబుర్లు పోతాయి. ఒకటి నింపినవాడి ఫోన్ నుంచి. రెండోది మా సర్వర్ నుంచి. ఫోన్ల కబురు నమ్మరానిది. ఈ మధ్య ఫోన్లు ఇలాంటి కబుర్లను దారిలోనే ఆపేస్తున్నాయి. అందుకే సర్వర్ కబురు. మరి ఒకే మనిషికి రెండు కబుర్లు అందితే ఇద్దరని లెక్కపెట్టొద్దు కదా? అందుకని రెండింటి మీదా ఒకే గుర్తింపు రాసి పంపుతాం. క్లాసులో ఒకే రోల్ నంబర్‌కు రెండు గొంతులు 'ప్రెజెంట్ సార్' అంటే సార్ ఒకటే టిక్కు పెట్టినట్టు, ఒకే గుర్తింపుతో వచ్చిన రెండోదాన్ని కంపెనీ పారేస్తుంది.

ఈ విషయంలో కొమురన్నకు పాత దెబ్బ ఒకటుంది. ఇంతకుముందు చేసిన సెంటర్లో ఈ గుర్తింపు పెట్టడం తెలియక ప్రతి మనిషినీ రెండుసార్లు లెక్కపెట్టించాడు. నిజం బయటపడ్డాక అక్కడివాళ్లు దొంగలెక్కలోడన్నారు. ఆ మాట ఆయన్ను ఇప్పటికీ కొరుకుతుంది. అందుకే ఇక్కడ చేరగానే మొదట చేసిన పని, ఒక మనిషి రెండుసార్లు లెక్కలోకి రాకుండా కట్టుదిట్టం చేయడం.

మంగళవారమంతా వెతికాం. మా సర్వర్ డైరీ తెరిస్తే ప్రతి కబురుకూ ఎదురుగా కంపెనీ జవాబు ఉంది: అందింది, అందింది, అందింది. నూట ముప్పైసార్లు అందింది. కానీ పేజీలో మాత్రం ఏడు.

"అందిందంటున్నడు. తీసుకున్న అంటున్నడు. మల్ల యేడ వెట్టిండు?" అన్నాడు కొమురన్న, పెళ్లిలో బంగారం కనబడక వెతుకుతున్నవాడిలా.

బుధవారం కంపెనీ ఇచ్చిన తాళంచెవి, అంటే పాస్‌వర్డు లాంటిది, పాతబడిందేమోనని కొత్తది తెచ్చి పెట్టాం. ఏమీ మారలేదు. సర్వర్ గడియారం మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక ఉందని కనిపెట్టి, ఇదే దొంగ అని ఎగిరి గంతేశాం. గడియారం సరిచేశాం. దొంగ అది కాదు. కంపెనీ సహాయం డబ్బాలో ప్రశ్న టైపు చేశాం. "మీ ఓపికకు ధన్యవాదాలు" అని వచ్చింది. మళ్లీ అడిగితే మళ్లీ ధన్యవాదాలు.

"నాకు ఓపికున్నదని ఈనికెవడు చెప్పిండు?" అన్నాడు అన్న. అన్నం డబ్బా తెరవకుండానే సంచీలో పెట్టేశాడు. మెట్టుగూడకు మెట్రో ఒకటే స్టేషను. ఆ రోజు అదీ ఎక్కకుండా నడుచుకుంటూ పోయాడు.

గురువారం నేనొక ఉపాయం చెప్పాను. కబుర్లు పరీక్షించుకోడానికి కంపెనీ వేరే కిటికీ ఒకటి ఇస్తుంది. అందులో పంపినవి అసలు లెక్కలోకి రావు, సరిగా చేరుతున్నాయో లేదో మాత్రం కనిపిస్తాయి. నేను కూర్చుని ఇరవై దొంగ ఫారాలు నింపాను. పేర్లు కూడా ఉండాలి కదా. ఉప్మారావు, తార్నాక సింహం, పిల్లర్ నంబర్ పదహారు, సెకండ్ షో సత్తి. ఒక్కొక్కడికి నోటికొచ్చిన ఫోన్ నంబర్ ఒకటి.

ఇరవైకి ఇరవై కిటికీలో ప్రత్యక్షమయ్యాయి.

అన్న చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"అంటే ఉప్మారావు లెక్కకొస్తడు. సెకండ్ షో సత్తి లెక్కకొస్తడు. కష్టపడి చదువుకునే పోరగాండ్లు, నిజం మనుషులు, వాండ్లు రారు. గిదేం కలికాలంరా?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు నేనూ ఆపేశాను.

అదే సమయానికి సమ్మయ్య సార్ గదిలోకి వచ్చాడు. సార్ రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్. చేతిలో చాక్‌పీస్ లేకుండా మాట్లాడలేడు.

"కొమురెల్లీ, ఎంత?"

"జాబితల నూట డెబ్బై ఆరు సార్."

"నేను అడిగింది గది కాదు."

"పది, సార్."

సార్ చాక్‌పీస్‌ను వేళ్ల మధ్య తిప్పాడు. "జిమ్మాయన శనివారం పొద్దుగాల అడ్వాన్సు పట్టుకొస్తనన్నడు. వద్దని నేనెట్ల చెప్పాలె? రేకుల కిరాయి నాకూ ఉన్నది. నువ్వు మంచోడివే. మంచోడివని ఎన్నిసార్లు ఆగాలె?"

"రేపు నాలుగు గంటల దాక ఆగుండ్రి సార్."

"నాలుగు దాకనే" అని సార్ వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దుటికి జాబితాలో రెండు వందల పద్నాలుగు. పేజీలో పదకొండు. పదకొండున్నరకు కూడా పదకొండే. ఇక దారి లేక కొమురన్న ఒక నిర్ణయానికొచ్చాడు. మేడం నమ్మినా నమ్మకపోయినా, జాబితాను పేర్లతో, ఊళ్లతో అచ్చు తీసి, బైండు చేసి, చేతిలో పెట్టి కాళ్లు పట్టుకోవడం. అదీ తీరేట్టు లేదు. తార్నాకలో పొద్దున్నుంచీ కరెంటు లేదు. జిరాక్సు షాపులవాళ్లంతా బయట కూర్చుని విసురుకుంటున్నారు. సెంటర్లో ఇన్వర్టరు మీద కంప్యూటర్లు నడుస్తున్నాయి కానీ ప్రింటరు నడవదు.

"క్యాంపస్‌ల కరెంటు ఉంటది" అన్నాను. "లైబ్రరీ తాన ఒక జిరాక్స్ షాపుంటది గదా. పోదాం పా."

ఆయన కదల్లేదు. "గది సాలమ్మ షాపురా."

"అయితే?"

"ఆమె నా థీసిస్ ప్రింటు తీస్తనని చెప్పి మూడేండ్లు కాయితం బండిల్ పక్కకు పెట్టింది. నేను రాస్తే గదా. ఆ మొఖం ఎట్ల చూపియ్యాలె?"

థీసిస్ పూర్తి చేయని సిగ్గుతో ఆయన మూడేళ్లుగా లైబ్రరీ వైపే పోలేదట. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని, దాదాపు ఎత్తుకెళ్లినట్టు తీసుకెళ్లాను. ఆర్ట్స్ కాలేజీ దాటేటప్పుడు తల దించుకున్నాడు, ఆ రాళ్లు కూడా థీసిస్ గురించి అడుగుతాయన్నట్టు.

సాలమ్మ షాపు అంటే పెద్దదేం కాదు. ఒక రేకు డబ్బా, రెండు యంత్రాలు, ఒక కౌంటరు. యాభై ఏళ్ల మనిషి. మమ్మల్ని చూసి, యంత్రం మూత కూడా వేయకుండా అరిచింది.

"ఓహో, డాక్టర్ సాబ్! వచ్చినవా? నీ కాయితాలకు చెదలు పట్టినయ్. ఎన్ని పేజీలయ్యింది?"

"గది కాదక్కా. ఇయ్యాల వేరేది."

"వేరేది ఎప్పుడూ ఉంటదిలే. తే."

నేను పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ఆమె కంప్యూటరుకు తగిలిస్తుండగా కౌంటరు మీదున్న ఆమె ఫోను టింగుమంది. ఆమె చూసి, చిన్న చీటీ చింపి, దాని మీద ఏదో రాసి, వెనక థర్మకోల్ అట్టకు గుండుసూదితో గుచ్చింది. అప్పుడు చూశాం ఆ అట్టను. గోడంతా చీటీలే. పేరు, దాని కింద కబురు. 'రాజన్న, మీ అమ్మ ఫోన్ చేయమన్నది.' 'సుజాత, హాల్ టికెట్ వచ్చింది.' 'ముఖేష్, బ్యాంకోడు మల్ల పిలిచిండు, తిట్టి పెట్టేసిన.'

"ఇదేందక్కా?" అన్నాను.

"పరీక్షల దీక్షలున్న పోరగాండ్లు. నోటిఫికేషన్ పడంగనే పెద్ద ఫోన్లు ఇంటికి పంపిచ్చేస్తరు, చదువు పాడైతదని. కొందరి తాన డబ్బ ఫోనుంటది, కొందరి తాన అదీ లేదు. ఫారం నింపాల్నంటే నా ఫోన్ల నింపుతరు, నా నంబరే ఇస్తరు. సొంత నంబర్ ఇస్తే కోచింగోళ్లు దినానికి పదిసార్లు సతాయిస్తరు. నా నంబరైతే నేను ఎత్తుత. ఒక్కసారి ఎత్తిన్నంటే మల్ల జన్మల చెయ్యరు." గర్వంగా నవ్వింది. "ఊరికే కాదు. నా ఫోన్ వాడుకున్నోడు ఒక్క జిరాక్సన్న తీయించుకోవాలె. గది రూలు."

ఫోను మళ్లీ టింగుమంది. ఆమె విసుక్కుంది.

"ఈ వారం ఒకటే మెసేజులు. ఏదో తెలుగు మీడియం ఫ్రీ బ్యాచంట. నేనే చెప్పిన పోరగాండ్లకు, మంచిగున్నది చేరుండ్రని. వారం కింద నా ఫోన్ల యాడ్ వచ్చింది, నొక్కి చూసిన. అప్పటిసంది లైను కట్టిండ్రు. ఒక్కొక్కనికి 'మీ పేరు నమోదైంది' అని వచ్చుడు, నేను చీటీ రాసుడు. చేతులు గుంజుతున్నయ్."

కొమురన్న కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా. ఎంతమంది నింపిండ్రు నీ ఫోన్ల?"

"లెక్కపెట్టిన్నా? రెండు కట్టల చీటీలైనయ్."

ఆయన నావైపు తిరిగాడు. "తమ్మీ, నేను గుర్తింపు కింద ఏం పెట్టినో తెలుసా?"

"ఏం పెట్టినవ్?"

"ఫోన్ నంబర్. ఒక మనిషికి ఒక నంబరుంటది గదా, రెండుసార్లు లెక్కకు రాడు అనుకున్న."

రెండు వందల నాలుగుమంది ఒకే రోల్ నంబరుతో 'ప్రెజెంట్ సార్' అన్నారు. కంపెనీ సార్ ఒక టిక్కు పెట్టి మిగతావాళ్లందరినీ బయటికి పంపేశాడు. మిగిలిన పదిమంది ఎవరి నంబరు వాళ్లు ఇచ్చుకున్నారు. పది ప్లస్ సాలమ్మ, పదకొండు. మరి జాబితాలో ఒకే నంబరు కనబడలేదా అంటే, ఎవరి నంబరూ బయటపడకూడదని ట్రస్టు చెప్పినందుకు అన్న వాటిని కలగలిపిన అక్షరాలుగా మార్చి దాచాడు. ఆ గజిబిజిని ఎవడు చదువుతాడు? నా ఉప్మారావు గెలిచింది కూడా అందుకే, వాడికి వేరే నంబరుంది కాబట్టి.

ప్రింటు తీసుకుని తిరిగొచ్చేసరికి ఒకటిన్నర. సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. ఇకనుంచి నంబరు కాకుండా ప్రతి ఫారానికీ ఒక కొత్త గుర్తింపు. వారంలోపు జరిగినవాటిని పాత తేదీలతో మళ్లీ పంపడానికి కంపెనీ ఒప్పుకుంటుంది. మా రెండు వందల నాలుగూ ఆ వారంలోనివే. పంపే ప్రోగ్రాం నేను రాశాను. అన్న చూసి, ఒక తప్పు దిద్దాడు. ఇక ఒక్క మీట. రెండు గంటలు దాటింది.

"నొక్కు అన్నా."

ఆయన వేలు మీట మీద పెట్టి ఆగాడు.

"నొక్కు! గంటల రెండు వందలైతది. హాలు మనది."

"ప్రకటన నొక్కి వచ్చినోళ్ల ఫోన్‌కు కంపెనోడు ఒక గుర్తు అంటిస్తడు గదా, వీళ్లను ప్రకటనే తెచ్చిందని."

"అవును."

"సాలమ్మ ఫోన్‌కు ఆ గుర్తు ఒక్కసారి అంటింది, అందరూ ఆ ఫోన్లనే నింపిండ్రు. ఇప్పుడు ఇవి పంపితే రెండు వందల నాలుగుమందిని ప్రకటనే తెచ్చిందని పడతది. తెచ్చింది ప్రకటన కాదురా. సాలమ్మ."

"ఎవరు తెస్తే ఏంది? మనుషులు నిజం మనుషులే గదా!"

"మనుషులు నిజం. లెక్క దొంగది."

నాకు ఏడుపొచ్చింది. నిజంగా. ఆ మనిషి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. "నీ లెక్క పాడుగాను! సోమవారం గాడ పోరగాండ్లు కూసుంటరా, జిమ్మోని డంబెల్సు కూసుంటయా? గది చెప్పు!" అని మీట మీదికి నేనే చెయ్యి చాపాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత సన్నగా ఉంటాడో, అంత గట్టిగా పట్టుకున్నాడు.

"ఒక్కసారి దొంగలెక్కలోడన్నరు. అప్పుడు నాకు తెల్వక జరిగింది. ఇప్పుడు తెలిసి చేస్తే వాండ్లన్నదే నిజమైతది" అన్నాడు. తర్వాత ప్రోగ్రాం మూసేశాడు. తువ్వాలు తీసుకుని మొహం దాచుకుని కూర్చున్నాడు. నేను మెట్ల మీదికి పోయి గోడను రెండు తన్నులు తన్నాను. కాలు నొచ్చింది.

సరిగ్గా నాలుగింటికి ధరణి మేడం వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. కూర్చోకుండానే ల్యాప్‌టాప్ తెరిచి పేజీ చూసింది.

"పదకొండు" అంది.

సమ్మయ్య సార్ చాక్‌పీస్ జేబులో వేసుకున్నాడు. అది ఆయన ఓటమి ఒప్పుకునే పద్ధతి.

కొమురన్న లేచి నిలబడ్డాడు. బైండు చేసిన జాబితా ఆమె ముందు పెట్టి, మొత్తం చెప్పాడు. తన తప్పు, ఫోన్ నంబరు, సాలమ్మ, చీటీలు. చివర ఇలా అన్నాడు. "మీ లెక్క తప్పు మేడం, నా వల్లనే తప్పైంది. కానీ వంద నిండిందని అబద్ధం చెప్పలేను. ప్రకటనతోని వచ్చింది మహా అంటే పదకొండు మందే. మిగతోళ్లు ఒక జిరాక్సామె చెప్తె వచ్చిండ్రు."

"అంటే ఇందులో రెండు వందల నాలుగుమందికి ఒకే నంబరా?"

"ఒకటే."

"ఇదే మాట పోయినేడాది ఇంకో సెంటరువాళ్లు చెప్పారు. అక్కడ ఆ నంబరు వాళ్ల ఓనర్‌ది." మేడం ఫోన్ తీసింది. "నంబరు చెప్పండి."

స్పీకర్ పెట్టి కలిపింది. మూడో రింగుకు ఎత్తారు.

"హలో, నేను..."

"కోచింగా?" అంది సాలమ్మ.

"అంటే, ఒక రకంగా..."

"ఒక రకం లేదు, రెండు రకాల్లేవు! చదువుకునే పోరగాండ్లను బతకనియ్యరా? సిగ్గుండాలె! ఏం పేరు నీది? మీ అమ్మ నంబరియ్యి, నేను మాట్లాడ్త!"

నేను టేబుల్ కింద ఏదో పడినట్టు వంగాను. సార్ కిటికీలోంచి బయటికి చూశాడు. మేడం మాత్రం కదలకుండా జాబితా తెరిచింది.

"అమ్మా, భాగ్య అని, తొర్రూరు. ఉందా అక్కడ?"

అవతల గొంతు మారింది. "భాగ్యకేమైంది? ఇంటి కాడికెల్లి చేస్తున్నవా?"

"ఏం కాలేదు. ఎక్కడుందని."

"లైబ్రరీల రెండో అంతస్తు. కిటికీ తాన. పొద్దుగాల్సంది తినలే, ఇప్పుడే బిస్కిట్ పుడ పంపిన."

"పరుశురాం, మంథని?"

"వానికి జరం. హాస్టల్ల పండిండు. గోలీ ఏసుకుంటలేడు మొండోడు."

మేడం పేజీలు తిప్పుతూ మధ్యమధ్యలో ఒక్కో పేరు అడిగింది. పదిహేను పేర్లు. సాలమ్మ ఎవరికీ తడుముకోలేదు. ఒకడు మెస్సులో ఉన్నాడు. ఒకడు అంబర్‌పేట్‌లో మేనమామ ఇంటికి పోయాడు, రాత్రికల్లా వస్తాడు. ఒకమ్మాయి చదివింది చదివిందే చదువుతోంది, ఆమెకు ఎవరన్నా చెప్పాలి. పదహారో పేరుకు సాలమ్మకు ఓపిక పోయింది. "ఇంతకు గా ఫ్రీ బ్యాచు ఉన్నట్టా లేనట్టా? పోరగాండ్లు అడుగుతున్నరు. నేనేం చీటీ రాయాలె?"

మేడం కొమురన్నను చూసింది. ఆయన కళ్లు నేల మీద ఉన్నాయి. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, బెంచీ ఎక్కి నిలబడ్డ పిల్లవాడిలా.

"సోమవారం నుంచి ఉందని రాయండి" అంది మేడం, ఫోన్ పెట్టేసింది.

కొమురన్న గోడకు చేరగిలబడ్డాడు. నేను ఈల వేయబోయాను. మేడం చెయ్యెత్తింది.

"ఆగండి. ఇంకోటుంది. ఈ ప్రకటన ఒక్కసారి పని చేసింది, ఆమె ఫోన్లో. తర్వాత పనంతా ఆమెదే. ఇక ప్రకటనలకు మేం పైసా ఇవ్వడం అనవసరం. ఈ రోజుతో ఆపేయండి." ల్యాప్‌టాప్ మూసింది. "మీ పోస్టు ప్రకటనల పద్దు కిందే ఉంది కొమురెల్లిగారూ. అది కూడా..."

మాట పూర్తి చేయలేదు. చేయనక్కర్లేదు కూడా. నిజం చెప్పి బ్యాచ్‌ను నిలబెట్టాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మీట నొక్కి ఉంటే రెండూ ఉండేవి. నేను ఆయన వైపు చూడలేకపోయాను.

"సార్" అన్నాడు కొమురన్న, సమ్మయ్య సార్‌తో. "రేకుల హాలు తాళం యేడున్నది?"

"నా తాననే ఉన్నది. నీ సంగతి చూద్దాం కొమురెల్లీ. చరిత్ర క్లాసుకు మనిషి లేడు గదా. ఇచ్చేది తక్కువే..."

"తర్వాత మాట్లాడుదాం సార్. ముందుగాల తాళం."

ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ప్రకటన ఆపేశాడు. పేజీలో పదకొండు అట్లాగే ఉంది. "పోయొస్తనే" అని దానికి చెప్పి, తువ్వాలు కప్పి, తాళం తీసుకుని పైకి బయల్దేరాడు. నేను వెనకాలే ఎక్కాను. హాలు తెరిస్తే వేడి మొహానికి కొట్టింది. జిమ్మువాడు గోడ మీద పెన్సిల్‌తో గీసిన కొలతల పక్కన, ఒక మూలకు ప్లాస్టిక్ కుర్చీలు దొంతరలుగా ఉన్నాయి.

"లెక్కపెట్టు తమ్మీ."

పెట్టాను. రెండుసార్లు పెట్టాను, ఒకటి కూడా రెండుసార్లు రాకుండా. తొంభై రెండు.

"రెండు వందల పద్నాలుగుమంది వస్తున్నరు అన్నా, సోమవారం."

కొమురన్న దొంతరల వంక, నా వంక, మళ్లీ దొంతరల వంక చూశాడు. జేబులోంచి ఒక పెన్ను తీశాడు.

"సాలమ్మకు ఫోన్ చెయ్యి, చాపలు తెచ్చుకోమని చీటీ రాస్తది" అన్నాడు. "మన పేరు చెప్పినంకనే మాట్లాడు."